గూడు ఎవరి బాధ్యత?
ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో బస్తీ ఇళ్ల భద్రతపై ఒక పరిశీలన

కూడు, గుడ్డ, గూడు అనే మూడూ మనిషి కనీసావసరాలని పెద్దలు చెప్పారు. మొదటి రెండింటినీ ఏ పూటకు ఆ పూట ఎలాగో సమకూర్చుకోవచ్చు. మూడవది మాత్రం జీవితకాలపు కష్టార్జితంతోగాని సమకూరదు. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న సామెత అందుకే పుట్టింది. సంస్థ క్వార్టర్లలో నివసించే మనకు ఈ చింత పదవీ విరమణ దాకా అంతగా తెలియదు. నీరు, విద్యుత్తు, మురుగు కాలువ, మరమ్మతు అన్నీ సంస్థే చూసుకుంటుంది. కాని ప్రతి పారిశ్రామిక పట్టణంలోనూ క్వార్టర్ల వరుస ముగిసిన చోట మరొక ఊరు మొదలవుతుంది. రేకులు, పెంకులు, టార్పాలిన్ గుడ్డలు కప్పిన ఆ ఇళ్లకు ప్లాను ఉండదు, అనుమతి ఉండదు, చాలా సందర్భాలలో భద్రత కూడా ఉండదు.

అటువంటి ఇళ్ల విషయంలో ప్రభుత్వాలూ, సంస్థలూ ఏమి చేయాలి? కూల్చివేయాలా, చూసీచూడనట్లు ఊరుకోవాలా, లేక బాగుచేయాలా? ఈ ప్రశ్నను ఖరగ్‌పూర్ రైల్వే పట్టణాన్ని ఉదాహరణగా తీసుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఉత్తరాంధ్ర కుటుంబాలలో చాలావాటికి ఆ ఊళ్లో ఒక మేనమామో, పెదనాన్నో, చిన్నతాతో ఉంటారు గనుక మన పాఠకులకు అది పరాయి ఊరు కాదు.

రైలుతో పుట్టిన ఊరు

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పంతొమ్మిదవ శతాబ్దం చివరి సంవత్సరాలలో మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్‌ను కూడలి స్టేషనుగా ఎంచుకొంది. 1900లో రూప్‌నారాయణ్ నదిపై వంతెన పూర్తి కావడంతో ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు నేరుగా మార్గం ఏర్పడింది. మరొకవైపు కటకం, బరంపురం మీదుగా వాల్తేరు దాకా తీరపు లైను సాగింది. ఆ లైను వెంబడే నాటి గంజాం, విశాఖపట్టణం జిల్లాల నుంచి మనవారు పొట్ట చేతపట్టుకొని ఉత్తరాదికి వెళ్లారు. కార్ఖానాలో కళాసీలుగా, ఫిట్టర్లుగా, లోకో షెడ్డులో ఫైర్‌మన్‌లుగా, లైనుపై గ్యాంగ్‌మన్‌లుగా చేరారు. నిమ్‌పురా, మథురాకాఠీ, గోల్ బజార్ వంటి పేటలలో తెలుగు మాటలు నేటికీ వినిపిస్తాయి. మాతాపూజ సంబరాలు అక్కడివారికి స్వగ్రామపు అమ్మవారి జాతరలను గుర్తుచేస్తాయి.

ఆ శ్రామికుల చరిత్రలో మనం గర్వించదగిన ఘట్టాలున్నాయి. 1927, 1928 సంవత్సరాలలో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు చేసిన పోరాటంలో తదనంతర కాలంలో రాష్ట్రపతి పదవిని అలంకరించిన వి.వి. గిరిగారు ప్రముఖ పాత్ర వహించారు. 1072.5 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫారం ఎన్నో ఏళ్లపాటు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా ఖరగ్‌పూర్‌కు పేరు తెచ్చింది. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు రాష్ట్ర అధికార భాషలలో స్థానం కల్పించడానికి నిర్ణయించినప్పుడు అందరి నోటా వినిపించిన ఊరు పేరు కూడా ఖరగ్‌పూరే.

కంపెనీ ఆ పట్టణాన్ని గీతలు గీసినట్లు కట్టింది. అధికారులకు తోటల నడుమ బంగళాలు, గుమాస్తాలకు ఒక రకం ఇళ్లు, కళాసీలకు ఒకటి రెండు గదుల వరుస ఇళ్లు. హోదాను బట్టి, ఆనాటి రోజులలో జాతిని బట్టి కూడా, నివాసం నిర్ణయమయ్యేది. 2001 జనాభా లెక్కల నాటికి ఖరగ్‌పూర్ రైల్వే సెటిల్‌మెంటులోనే రమారమి 88 వేలమంది నివసించేవారు. జనగణన దానిని పురపాలక సంఘానికి చెందని వేరొక పట్టణంగా లెక్కించింది. ఒకే ఊరు రెండు ఊళ్లుగా ఉండడం ఇక్కడి సమస్యకు మూలాలలో ఒకటి.

బస్తీ ఎందుకు పుడుతుంది?

రైల్వే తన ఉద్యోగికి ఇల్లు కట్టింది. కాని ఉద్యోగి ఇంటికి పాలు తెచ్చే మనిషి, బట్టలు ఉతికే మనిషి, బజారులో మూటలు మోసే మనిషి, గుత్తేదారు కింద పనిచేసే కూలీ ఎక్కడ ఉండాలో ఏ ప్లానులోనూ గీయలేదు. వారు పనికి దగ్గరలో ఖాళీగా కనిపించిన చోట గుడిసె వేసుకున్నారు. ఆ ఖాళీ జాగా చాలావరకు రైల్వేదే.

రెండవ కారణం మనకు మరింత దగ్గరిది. రైల్వే నిబంధనల ప్రకారం పదవీ విరమణ చేసిన ఉద్యోగి మామూలు అద్దెపై 4 నెలలు, తగిన కారణం చూపితే హెచ్చు అద్దెపై మరి 4 నెలలు మాత్రమే క్వార్టరులో ఉండవచ్చు. ఖాళీ చేసి తాళం అప్పగించే వరకు గ్రాట్యుటీ సొమ్ము నిలిచిపోతుంది. తరువాత వచ్చే ఉద్యోగికి ఇల్లు కావాలి గనుక ఈ నిబంధన న్యాయమైనదే. అయితే ముప్పై అయిదేళ్లు సర్వీసు చేసి, పిల్లల చదువులకు, పెళ్ళిళ్లకు ఉన్నదంతా ఊడ్చి ఇచ్చినవారికి ఆ ఎనిమిది నెలలలో ఇల్లు ఎక్కడ నుంచి వస్తుంది? గ్రాట్యుటీ చేతికి వస్తేగాని ఇల్లు కొనలేరు. ఇల్లు విడిస్తేగాని గ్రాట్యుటీ చేతికి రాదు. స్తోమతు గలవారు మలంచా, ఇందా, తాల్‌బగీచా వంటి పేటలలో స్థలం కొని స్థిరపడతారు. లేనివారికి, అకాలమరణం చెందిన ఉద్యోగుల కుటుంబాలకు, స్వగ్రామంలో భూమి గాని బంధువులు గాని మిగలని రెండవ, మూడవ తరాలవారికి బస్తీయే దిక్కవుతుంది. కాబట్టి బస్తీవారు ఎవరో బయటివారని అనుకోవడం పొరపాటు. ఆ ఇళ్లలో కొన్నింటిలోనివారు ఒకప్పుడు మనవంటి క్వార్టర్లలో ఉన్నవారే.

ప్రమాదం ఎక్కడ?

అనుమతి లేని ప్రతి ఇల్లూ ప్రమాదకరమైనది కాదు. అనుమతి ఉన్న ప్రతి ఇల్లూ క్షేమకరమైనదీ కాదు. నివాసయోగ్యం కాదని తేల్చి వదలివేసిన పాత క్వార్టరు ఒకప్పుడు ప్లాను ప్రకారం కట్టినదే. పెచ్చులూడుతున్న దాని స్లాబు కింద కాపురం పెట్టడం రేకుల షెడ్డులో ఉండడం కంటె అపాయకరం కావచ్చు. అందువల్ల ప్రమాదాలను విడివిడిగా గుర్తించాలి.

మొదటిది రైలు పట్టాలకు సమీపం. గుమ్మం దిగగానే పట్టాలు ఉన్న ఇంట్లో ఆడుకునే పిల్లవాడికి ప్రతి రైలూ గండమే. రెండవది విద్యుత్తు. కనెక్షను ఇవ్వనప్పుడు స్తంభం నుంచి కొక్కెం వేసి తీగ లాగుతారు. ఎర్తింగు లేని ఆ తీగ తడిసిన రేకుకు తగిలితే ఇంటి గోడలన్నిటికీ కరెంటు పాకుతుంది. మూడవది నిప్పు. వంట, పడక, సామాను ఒకే గదిలో ఉన్నప్పుడు, ఇరుకు సందులోకి అగ్నిమాపక శకటం రాలేనప్పుడు, ఒక ఇంటి నిప్పు వరుస మొత్తాన్నీ కాలుస్తుంది. నాలుగవది గాలి. చైత్ర వైశాఖాలలో బెంగాలును కుదిపే కాలబైశాఖి గాలివానలు, బంగాళాఖాతపు తుపానులు బిగింపు లేని రేకులను కత్తులవలె ఎగురవేస్తాయి. అయిదవది నీరు. కాలువ లేని చోట నిలిచిన మురుగు డెంగీ, అతిసారాలకు పుట్టినిల్లు.

ఈ అయిదింటిలో మొదటిదానికి మాత్రమే ఇల్లు కదలడం తప్పనిసరి. మిగిలిన నాలుగూ ఇల్లు ఉన్నచోటనే చాలావరకు చక్కదిద్దదగినవి. ఈ చిన్న తేడాను గమనించకపోవడం వల్లనే విధానాలు దారి తప్పుతున్నాయి.

ముగ్గురు పెద్దలు, ఒక బస్తీ

రైల్వే భూమి కేంద్ర ప్రభుత్వానిది. దానిపై ఆక్రమణలను తొలగించడానికి 1971 నాటి ప్రభుత్వ ఆవరణల చట్టం ఎస్టేట్ ఆఫీసరుకు అధికారం ఇచ్చింది. ముందు సంజాయిషీ నోటీసు ఇవ్వాలి, జవాబు వినాలి, ఆ తరువాతనే ఉత్తర్వు జారీ చేయాలి. ఉత్తర్వుపై జిల్లా న్యాయమూర్తికి అప్పీలు చేసుకోవచ్చు. ఖాళీ చేయించే అధికారం రైల్వేకు ఉంది గాని, ఉద్యోగులు కానివారికి ఇళ్లు కట్టడం దాని పని కాదు. రాష్ట్ర ప్రభుత్వానికి గృహనిర్మాణ పథకాలు ఉన్నాయి గాని, కేంద్ర భూమిపై పట్టా ఇచ్చే అధికారం లేదు. 1954లో ఏర్పడిన ఖరగ్‌పూర్ పురపాలక సంఘానికి మురికివాడల అభివృద్ధి బాధ్యతను రాజ్యాంగపు 74వ సవరణ అప్పగించదగిన విధులలో చేర్చింది గాని, రైల్వే అనుమతి లేనిదే ఆ భూమిలో కాలువ తవ్వడం కష్టం. 2010 పురపాలక ఎన్నికల నాటికి రైల్వే ప్రాంతాలు కూడా వార్డులలో చేరాయి. దానితో అక్కడి నివాసికి ఓటు, కౌన్సిలరు లభించారు. వీధి కింది నేల మాత్రం వేరొకరిది.

ముగ్గురు పెద్దలున్న ఇంట్లో పిల్లవాడికి అన్నం పెట్టేవారు లేనట్లు, మూడు అధికార యంత్రాంగాల నడుమ బస్తీ ఉండిపోతుంది. ఏ ఒక్కరినీ తప్పుపట్టనవసరం లేదు. ఎవరి నిబంధనల మేరకు వారు నడుచుకుంటున్నారు. ముగ్గురూ కలిసి కూర్చునే వేదిక లేకపోవడమే లోపం.

కూల్చివేతల అనుభవం

దేశంలోని రైల్వే భూమి సుమారు 4.8 లక్షల హెక్టార్లు. అందులో ఆక్రమణకు గురైనది ఎనిమిది వందల హెక్టార్లకు అటూయిటూగా ఉన్నట్లు ఇటీవలి సంవత్సరాలలో ప్రభుత్వం వెల్లడించింది. మొత్తంతో పోల్చితే ఇది స్వల్పమే. అయితే ఆ స్వల్పభాగంలోనే లక్షలాది ప్రాణాలు ఇరుక్కొని ఉన్నాయి.

2015 డిసెంబరు 12న ఢిల్లీలోని షకూర్ బస్తీలో చలికాలపు మధ్యలో గుడిసెలను తొలగించారు. ఆ వ్యవహారంపై 2019లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం తీర్పు చెబుతూ, ముందుగా సర్వే జరిపి, నివాసులతో సంప్రదించి, పునరావాసానికి అర్హులెవరో తేల్చకుండా బలవంతంగా ఖాళీ చేయించరాదని స్పష్టం చేసింది. 2020 ఆగస్టు 31న ఢిల్లీ రైలు పట్టాల వెంబడి ఉన్న సుమారు 48,000 గుడిసెలను మూడు నెలలలో తొలగించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. పరిష్కారం కుదిరే వరకు తొలగించబోమని ప్రభుత్వం ఆ తరువాత తెలియజేయవలసి వచ్చింది. సూరత్ రైలు మార్గం విషయంలో 2021 డిసెంబరు 16న సుప్రీంకోర్టు తొలగింపును అనుమతిస్తూనే, ఇల్లు కోల్పోయిన కుటుంబానికి నెలకు 2,000 రూపాయల వంతున ఆరు నెలలు చెల్లించాలని, ఆ భారాన్ని రైల్వే, రాష్ట్రం, స్థానిక సంస్థ సమానంగా పంచుకోవాలని చెప్పింది. హల్ద్వానీలో నాలుగు వేలకు పైగా కుటుంబాల తొలగింపును 2023 జనవరి 5న నిలిపివేసి, 2024లో పునరావాసానికి స్థలం గుర్తించమని ఆదేశించింది.

ఈ ఉత్తర్వులన్నీ ఒకే విధంగా లేవు. కాని బాధ్యతను ముగ్గురూ పంచుకోవాలన్న సూరత్ ఉత్తర్వులోని భావం మన ప్రశ్నకు సగం సమాధానం. 1985లో పేవ్‌మెంటు నివాసుల కేసులో జీవించే హక్కులో జీవనోపాధి హక్కు ఇమిడి ఉన్నదని సుప్రీంకోర్టు చెప్పిన మాట కూడా మరువరానిది. పనికి దగ్గరగా ఉండడం కోసమే పేదవాడు ప్రమాదపు అంచున నివసిస్తాడు.

ముంబయి, బాంకాక్ చూపిన దారి

ముంబయి సబర్బన్ పట్టాలకు 30 అడుగుల లోపున వేలాది కుటుంబాలు నివసించేవి. ఆ భాగాలలో రైళ్లు గంటకు 15 కిలోమీటర్ల వేగానికి మించి నడవలేకపోయేవి. అంటే ఆ గుడిసెల వల్ల గుడిసెవారికీ, రైలులోని ప్రయాణికునికీ కూడా నష్టమే. నివాసులు స్వయంగా సంఘంగా ఏర్పడి, స్పార్క్ అనే స్వచ్ఛంద సంస్థ, మహిళా మిలన్ బృందాల సహాయంతో ఇల్లిల్లూ లెక్క వ్రాసుకున్నారు. ఎవరి ఇల్లు పట్టాలకు ఎంత దూరంలో ఉందో తామే కొలిచారు. రైల్వే, మహారాష్ట్ర ప్రభుత్వం, నివాసులు కలిసి కుదుర్చుకున్న ఏర్పాటు ప్రకారం 2000 తరువాతి రెండు మూడు సంవత్సరాలలో సుమారు 60 వేలమంది పోలీసు బలప్రయోగం లేకుండా వేరే ఇళ్లకు తరలివెళ్లారు. ఈ కథలో చేదు కూడా ఉంది. ముంబయిలో తరువాత కట్టిన కొన్ని పునరావాస భవన సముదాయాలు మరీ దగ్గరదగ్గరగా ఉండి, గాలి వెలుతురు చాలక, క్షయవ్యాధి వ్యాపించడానికి కారణమయ్యాయని పరిశోధకులు గుర్తించారు. ఇల్లు ఇవ్వడంతోపాటు కిటికీ కూడా ఇవ్వాలి.

థాయిలాండ్ ప్రభుత్వ రైల్వే 2000లో మరొక మార్గం ఎంచుకొంది. బస్తీ సంఘాలతో చర్చల అనంతరం పట్టాల నుంచి దూరాన్నే కొలబద్దగా నిర్ణయించింది. 40 మీటర్లకు ఆవల ఉన్న బస్తీలకు 30 ఏళ్ల లీజు, 20 నుంచి 40 మీటర్ల నడుమ ఉన్నవాటికి మూడేళ్ల లీజు, అంతకు దగ్గరగా ఉన్నవారికి వేరేచోట స్థలం. భూమి రైల్వేదిగానే ఉంది, నామమాత్రపు అద్దె వచ్చింది. నివాసికి రేపటి మీద నమ్మకం కలిగి, సొంత డబ్బుతో ఇంటిని గట్టిపరచుకున్నాడు.

మన రైల్వేకు లీజు కొత్త కాదు. సరకు రవాణా టెర్మినళ్లకు 35 ఏళ్ల వరకు భూమి లీజుకు ఇచ్చే విధానాన్ని కేంద్ర మంత్రివర్గం 2022 సెప్టెంబరులో ఆమోదించింది. సరకుకు సాధ్యమైనది మనిషికి ఎందుకు సాధ్యం కాకూడదు?

ఉన్నచోటనే బాగుచేయడం

కలకత్తా మహానగర అభివృద్ధి సంస్థ 1970లో ఏర్పడిన అనంతరం బస్తీలను కూల్చే ఆలోచన మాని, వాటిలో కుళాయిలు, మరుగుదొడ్లు, సిమెంటు సందులు, వీధి దీపాలు ఏర్పాటుచేసింది. హైదరాబాదులో 1967లో ఆరంభమైన పట్టణ సముదాయ అభివృద్ధి పథకం బస్తీవారిని కూడగట్టి, పట్టాలు, బ్యాంకు రుణాలు ఇప్పించి ఇళ్లు కట్టించింది. మన విశాఖపట్నంలో 1988 నుంచి బ్రిటిష్ సహాయంతో మురికివాడల అభివృద్ధి జరిగింది. ఒడిషా 2017లో చట్టం చేసి పట్టణ బస్తీవారికి భూమి హక్కులు కల్పించింది. ఈ అనుభవాలన్నిటి సారం ఒక్కటే: రేపు ఖాళీ చేయిస్తారన్న భయం ఉన్నంతకాలం ఎవరూ ఇంటిపై ఒక్క ఇటుక కూడా పేర్చరు, ఆ భయం తొలగిన నాటి నుంచి ఇల్లు దానంతటదే గట్టిపడుతుంది.

ఖరగ్‌పూర్‌కు తగిన నాలుగు అడుగులు

మొదటి అడుగు సర్వే. డివిజను, పురపాలక సంఘం, జిల్లా యంత్రాంగం కలిసి ప్రతి బస్తీలోని ఇళ్లను పట్టాల నుంచి దూరం, కప్పు, విద్యుత్తు, మురుగు అనే అంశాల వారీగా నమోదు చేయాలి. నివాసులు ప్రక్కన ఉండి కొలవాలి.

రెండవది విద్యుత్తు. 2003 విద్యుత్తు చట్టంలోని 43వ సెక్షను యజమానికే గాక ఆ ఆవరణలో నివసించువానికి కూడా కనెక్షను కోరే హక్కును ఇచ్చింది. మీటరు పెట్టినంత మాత్రాన భూమిపై హక్కు రాదు. ఈ మాటను ఒప్పంద పత్రంలోనే వ్రాసుకొని సురక్షితమైన కనెక్షను ఇస్తే కొక్కెపు తీగ వల్ల పోయే ప్రాణాలు నిలుస్తాయి, విద్యుత్తు సంస్థకు బిల్లు వస్తుంది.

మూడవది వర్గీకరణ. పట్టాల అంచున, శిథిల భవనాలలో ఉన్నవారిని ముందు తరలించాలి; కాని కొత్త ఇంటి తాళం చేతిలో పెట్టిన తరువాతే పాత ఇల్లు తొలగించాలి. దూరంగా ఉన్న బస్తీలకు స్వల్పకాలిక లీజు ఇచ్చి ఉన్నచోటనే బాగుచేయవచ్చు. రైల్వేకు భవిష్యత్తులో అవసరమైన భూమి ఏదో ముందే ప్రకటిస్తే ఎవరికీ వంచన జరగదు.

నాలుగవది అద్దె ఇళ్లు. 2024 సెప్టెంబరులో ప్రారంభమైన ప్రధానమంత్రి పట్టణ ఆవాస యోజన రెండవ దశలో అందుబాటు అద్దె ఇళ్లకు ప్రత్యేక విభాగం ఉంది. గుత్తేదారు కూలీలకు, ఒంటరి స్త్రీలకు, విరమణ చేసి ఇల్లు వెదుక్కునేవారికి సొంత ఇంటికంటె ముందు కావలసినది న్యాయమైన అద్దెకు ఒక గది. ఖాళీగా పడి ఉన్న రైల్వే స్థలాలలో ఇటువంటి ఇళ్లు లేస్తే ఆక్రమణకు కారణమే తగ్గుతుంది.

దీనికి ఖర్చు కాదా అని అడగవచ్చు. అవుతుంది. అయితే నోటీసులు, న్యాయస్థానాలు, పోలీసు బందోబస్తు, కూల్చిన మరునాడే మళ్లీ లేచే గుడిసెలు, వేగం తగ్గించుకొని నడిచే రైళ్లు వీటికయ్యే ఖర్చును ఎవరూ ఒకచోట కూడి చూడలేదు.

మన ఇంటి సంగతి

ఈ విషయం మన సంస్థ ఉద్యోగులకు కూడా ఆలోచించదగినది. క్వార్టరు మనది కాదని ఉద్యోగంలో చేరిన రోజే తెలిసినా, విరమణకు ఏడాది ముందు వరకు మరచిపోతాము. సర్వీసు మధ్యలోనే గృహనిర్మాణ అడ్వాన్సు, సహకార గృహనిర్మాణ సంఘం వంటి మార్గాలను గురించి కుటుంబంతో కూర్చుని మాట్లాడుకోవడం మంచిది. నామినేషను పత్రాలు సరిచూసుకొని, స్థలం కొనేముందు దాని పత్రాలు న్యాయవాదికి చూపడం అవసరం. సోదరీమణులు ఈ లెక్కలలో మొదటి నుంచి పాలుపంచుకుంటే, ఇంటి పెద్దకు అనుకోనిది జరిగినప్పుడు కుటుంబం వీధిన పడదు.

మన టౌన్‌షిప్ గోడకు ఆవల ఉన్న బస్తీకి కూడా మనం చేయగలిగినది కొంత ఉంది. సంస్థ సంక్షేమ నిధుల నుంచి ఒక కాలువ, ఒక వీధి దీపం, ఎలక్ట్రికల్ విభాగంలోని మిత్రులు సెలవు రోజున ఇచ్చే ఒక వైరింగు శిక్షణ, పిల్లలకు పట్టాలు దాటడంపై నాలుగు జాగ్రత్త మాటలు పెద్ద ఖర్చు లేనివి. వారిలో మన ఇంటికి ఉదయమే పాలు తెచ్చే మనిషీ, మన తండ్రులతో కలిసి ఒకే షాపులో పనిచేసిన వృద్ధుడూ ఉంటారు.

వంద సంవత్సరాలకు పైగా ఖరగ్‌పూర్ దేశానికి రైళ్లను నడిపి ఇచ్చింది. వాటిని నడిపినవారి పిల్లలూ మనుమలూ నిర్భయంగా నిద్రపోగల నాలుగు గోడలను కల్పించడం ఆ పట్టణం తన చరిత్రకు తీర్చవలసిన ఋణం. రైల్వే, పురపాలక సంఘం, రాష్ట్ర ప్రభుత్వం అనే ముగ్గురు పెద్దలు ఒక బల్ల చుట్టూ కూర్చున్న రోజున ఆ ఋణం తీరడం మొదలవుతుంది.